ముందు సంతకం, తర్వాత తాళి

మా పంతులుగారు పోయారు. మంగళవారం పొద్దున నేను కొట్టు తలుపులు తీస్తుంటే, చెరకు బండి తోలుకుపోతున్న మా వీధి పెద్దాయన ఎడ్లని ఆపకుండానే "పంతులుగారు ఎల్లిపోనారు బాబూ" అని ఒక కేక వేసి ముందుకు సాగిపోయాడు. కోతల కాలం. మిల్లు గేటు దగ్గర వరస తప్పితే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడాలి. అతన్ని తప్పు పట్టను. నేను మాత్రం సగం తీసిన తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఈ నాలుగు ముక్కలు చదివేవాళ్ళలో చాలామందికి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. మా చెరకు దీవిలో, షెమాన్ గ్రెనియే ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో నామకరణమైనా, పెళ్ళయినా, శనివారం భజనైనా ఆయనే. సాయంత్రం కోవెల పక్క రేకుల పాకలో పిల్లలకి అక్షరాలు నేర్పిందీ ఆయనే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పొట్టి మనిషి, చెవికి దారంతో కట్టుకున్న కళ్ళజోడు, ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. చెరకు మధ్య పుట్టి, చెరకు మధ్య బతికి, టీలో మాత్రం చక్కెర వేసుకునేవారు కాదు. "రోజల్లా దాని మధ్యే కదరా ఉంటున్నాం, మళ్ళీ నోట్లోకి కూడానా?" అనేవారు.

మనిషి పోతే వెంటనే సివిల్ ఆఫీసుకు వెళ్ళి రాయించాలి. అది చట్టం. నాకు ఫ్రెంచి అక్షరాలు వచ్చు గనుక ఊళ్ళో ఎవరు పోయినా ఆ పని నాకే పడుతుంది. ఆ రోజూ నేనే వెళ్ళాను. గుమాస్తా పేరు అడిగాడు, చెప్పాను. తల ఎత్తి చూశాడు. ఆ పేరు అతనికి గుర్తుంది. ఎందుకు గుర్తుందో తర్వాత చెబుతాను.

"పెళ్ళయినవాడేనా?"

"నలభై ఏళ్ళ కాపురం, మిస్యే."

"నేను కాపురం అడగలేదు. పుస్తకంలో ఉందా?"

"లేదు."

అతను ఒక్క మాట రాశాడు. బల్లకి ఇవతల నిలబడి తలకిందులుగా కూడా చదవగలను నేను. పెళ్ళికానివాడు అని రాశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు తన చేత్తో చేయించిన మనిషి, పెళ్ళికానివాడు. కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే మట్టి చెయ్యడానికి కాగితం ఇవ్వరు. ఇంటి దగ్గర అమ్మగారు, అంటే పంతులుగారి భార్య, ఆయన తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మన పెళ్ళిళ్ళ సంగతి మీకు తెలిసిందే. అగ్ని చుట్టూ తిరిగినా, ఊరంతా వచ్చి అక్షింతలు వేసినా, సర్కారు కంటికి అది పెళ్ళి కాదు. సివిల్ ఆఫీసులో దొర ముందు నిలబడి, ఇద్దరూ అవునని చెప్పి, పుస్తకంలో రాయించుకుంటేనే పెళ్ళి. లేకపోతే ఆమె భార్య కాదు, బిడ్డ పేరు పక్కన తండ్రి ఉండడు, మగవాడు పోతే ఆమె ఇంటి బయటే. పడుచువాడిగా ఉన్నప్పుడు పంతులుగారు దీన్ని లెక్కచేసేవారు కాదు. "అగ్నిహోత్రుడు చూశాడు, చాలు. ఆ దొర కూడా చూడాలా?" అని నవ్వేవారు. ఆయన మాట విని మావాళ్ళెవరూ ఆఫీసు గడప తొక్కలేదు.

ఒక ఏడు కోతల్లో బండి బోల్తాపడి మావాడొకడు పోయాడు. నెల తిరక్కుండా పోయినవాడి అన్నగారు ఇల్లు తనదేనని కాగితం పట్టుకొచ్చాడు. పోయినవాడి పెళ్ళాం, చిన్నపిల్ల, గిన్నెలు మూటగట్టుకుని నేరుగా పంతులుగారి ఇంటికి వచ్చింది. తిట్టలేదు. "తమరే కదా నాకు పెళ్ళి సేసినారు. తమరొచ్చి ఆ మాట సెప్పండి" అంది. అంతే. ఆయన గొడుగు తీసుకుని ఆఫీసుకు నడిచారు. దొర మర్యాదగా కుర్చీ వేయించాడట, అంతా విన్నాడట, పుస్తకంలో లేని పెళ్ళి పెళ్ళి కాదన్నాడట. తిరిగొచ్చాక వారం రోజులు బడి లేదు. పాకలో ఒక్కరే కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేవారు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మారింది. ముందు సంతకం, తర్వాత తాళి. ఏ పెళ్ళి అయినా ఆ పొద్దునే పిల్లా పిల్లవాడూ ఆఫీసుకు వెళ్ళి రావాలి, కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి, అప్పుడే ఆయన పందిట్లో కూర్చుంటారు. వరస ఎందుకంత పట్టింపు అని అడిగితే చెప్పేవారు. తాళి కట్టేశాక వెళ్ళి పెళ్ళికానివాళ్ళమని చెప్పడం అబద్ధం. కట్టకముందు వెళ్ళి అదే మాట చెబితే నిజం. దొరకి కావలసింది దొరకి అందుతుంది, దేవుడి ముందు నోరు మైలపడదు. చట్టానికీ మనసుకీ మధ్య ఒక్క పూట తేడా ఉందని కనిపెట్టినవాడు ఆయనొక్కడే. పెళ్ళివారు మొదట్లో సణిగారు. దివ్యమైన లగ్నం పొద్దున్నే ఉందండీ అంటే, "ఆఫీసు తలుపు తీసేది ఎప్పుడు? నీ లగ్నం దాని తర్వాతే" అనేవారు. పంతులుగారి పంచాంగం సివిల్ ఆఫీసు గోడకి వేలాడుతుందని మేం ఏడిపించేవాళ్ళం. ఆయన నవ్వేవారు. నా పెళ్ళీ అలాగే అయింది. ఎండలో నడిచి వచ్చి చెమటతో పీటలమీద కూర్చున్నాను.

ఇందరికి దారి చూపించిన మనిషికి తన దారి మాత్రం దొరకలేదు. ఆయన పెళ్ళి ఎప్పుడో తోట కూలీలుండే కాంపులో అయిపోయింది. చెరకు పిప్పితో వేసిన నిప్పు చుట్టూ తిరిగారట. ఓడలో వచ్చిన ఒక ముసలాయన మంత్రాలు చెప్పాడట. ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళడమంటే కట్టిన తాళి కట్టలేదనడమే. "వరస తప్పిపోయిందిరా మాకు" అన్నారు ఒకసారి నాతో. మరి వీలునామా అయినా రాయించండి, ఉన్న రెండు ఆర్పాల చెరకు నేలా ఇల్లూ అమ్మగారికి రాసిపెట్టండి అన్నాను. "అక్కడా అడుగుతారు, ఈమె నీకేమవుతుందని. ఏమీ కాదని రాస్తారు. పెళ్ళానికి పెళ్ళాంగా రావాలిగాని ముష్టిగా కాదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పెద్దవాళ్ళ మొండితనానికి నీతి అని పేరు పెట్టుకోవడం వాళ్ళకి సుఖంగానే ఉంటుంది, కష్టం పడేది పక్కనున్నవాళ్ళు. ఇది ఆయన బతికుండగా ఆయన ముఖానే అన్నాను గనుక ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను.

అమ్మగారి గురించి చెప్పాలి. ఆయన నోటి మనిషి, ఆవిడ చేతి మనిషి. ఆ నేల సగం ఆవిడే కోసేది. శుక్రవారం తలంటుకుని తాళి దారానికి పసుపు రాసుకునేది. కత్తి పట్టి చెరకులోకి దిగేటప్పుడు దాన్ని రవికలోకి దోపుకునేది. వాళ్ళకొక ఆడపిల్ల ఉండేది. పుట్టినప్పుడు పంతులుగారు ఆఫీసుకు వెళ్ళి రాయించబోతే, తండ్రి పేరు రాసేచోట గుమాస్తా ఒక గీత గీశాడు. ఐదేళ్ళకి జ్వరంలో ఆ పిల్ల పోయింది. ఆ గీత మాత్రం ఆ పుస్తకంలో ఉంది. అమ్మగారికి చదువు రాదు, కానీ ఆ గీత ఎంత పొడుగో వేలితో గాలిలో గీసి చూపించేది.

పోయిన వర్షాలకి పంతులుగారికి దగ్గు పట్టుకుంది, వదల్లేదు. ఆయన తమ్ముడి కొడుకు ఆదివారాలు వచ్చి పొలం గట్లమీద తిరగడం మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు అమ్మగారి చేతి అన్నం తిన్నవాడే. చట్టం తనంతట ఇస్తానంటే వద్దనేంత మంచివాడు మాత్రం కాదు. ఒకరోజు పంతులుగారు కొట్టుకి వచ్చి, బియ్యం బస్తామీద కూర్చుని, ఊపిరి అందుకుని, "ఆఫీసుకి ఎప్పుడు తీసుకెళ్తావు?" అన్నారు.

నేను నమ్మలేదు. "ఏమని చెబుతారు అక్కడ?"

"అడిగినదానికి అవునంటాను. ఆ పాపం నాది. దానికి నీడ ఉండాలి కదరా."

ఇక్కడ ఒక సంగతి మధ్యలో చెప్పక తప్పదు. నేను కొట్టు పెట్టిన కొత్తలో ఒక అవ్వకి దేశంనుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ పోయిందని. ఆవిడ ముఖం చూసి నాకు నోరు రాలేదు. అందరూ క్షేమమని చదివాను. పక్కనే ఉన్న పంతులుగారు ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఉన్నదున్నట్టు చదివారు. అవ్వ నేలమీద పడి ఏడ్చింది. ఆయన నన్ను బయటికి పిలిచి, "చదివింది చదివినట్టు చెప్పు. అందంగా చెప్పమని నిన్నెవరూ అడగలేదు. ఆవిడ ఏడుపు ఆవిడది, దాచడానికి నువ్వెవరివి?" అన్నారు. ఆ మాట నాకు ఎముకల్లోకి పోయింది. అప్పటినుంచి ఎవరి కాగితం చదివినా, ఎవరి మాట దొరకి చెప్పినా, ఒక్క ముక్క అటూ ఇటూ చెయ్యలేదు.

ఆఫీసుకు ముగ్గురం బండిలో వెళ్ళాం. అమ్మగారు పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. ఆవిడకి ఇక్కడివాళ్ళు మాట్లాడే క్రియోల్ భాష అంతంతమాత్రం, అందుకని మాట మార్చకుండా చెబుతానని నాచేత చెయ్యెత్తించి ప్రమాణం చేయించారు. దొర మంచివాడే, విసుక్కోలేదు. గుమాస్తా పుస్తకం తెరిచి కలం ముంచాడు. ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా అని దొర పంతులుగారిని అడిగాడు. ఆయన రెండు చేతులూ గొడుగు పిడిమీద పెట్టి, దగ్గు ఆపుకుని, "వీ" అన్నారు. అవును అన్నారు. నలభై ఏళ్ళు అనని మాట అనేశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దొర అమ్మగారి వైపు తిరిగాడు. ప్రశ్న నేను తెలుగులో చెప్పాను: "ఈయన్ని మీరు భర్తగా ఒప్పుకుంటున్నారా అంటున్నారమ్మా."

"ఒప్పుకోడమేటి బాబూ? ఈయన నా మొగుడే కదా."

చెప్పాను. దొర తల ఊపి, అది వేరు, ఇవాళ ఇక్కడ అవునని చెప్పాలి, ఇవాళ్టినుంచే భార్య అవుతుంది అన్నాడు. అదీ చెప్పాను. అమ్మగారు కాసేపు నేలవైపు చూసింది.

"ఇయాల్టినుంచా? మరి నిన్నటిదాకా నేనేటి?"

గుమాస్తా కలం మళ్ళీ సిరాలో ముంచాడు.

"ఇయాల అవునంటే నిన్నటిదాకా కాదన్నట్టే గదా బాబూ. మరి నా బిడ్డ ఎవరి బిడ్డ? ఆ గీత నిజమని నా నోటితోనే ఒప్పుకోమంటారా?"

దొర అడిగాడు: "వీ ఊ నో?" అవునా, కాదా. అమ్మగారు తల అడ్డంగా ఊపలేదు, నిలువునా ఊపలేదు. "ఈయన నా మొగుడు. నా పిల్లకి తండ్రి. అదే రాసుకోమను" అంది. రెండోసారి అడిగాడు. అదే మాట. మూడోసారి అడిగి నా వైపు చూశాడు. గుమాస్తా కలం పట్టుకుని నా వైపు చూశాడు. పంతులుగారు మాత్రం ఎవరి వైపూ చూడలేదు, గొడుగు కొన చూస్తున్నారు.

నేను ఒక్క మాట అంటే చాలు. వీ. పెదవి కదిపితే చాలు, ఆవిడకి తెలియను కూడా తెలియదు, ఇల్లు దక్కేది. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. ఎత్తిన చెయ్యి గుర్తొచ్చిందా, నేలమీద పడి ఏడ్చిన అవ్వ గుర్తొచ్చిందా, దొరంటే భయమా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ అన్నది అన్నట్టు చెప్పాను.

దొర జాలిగానే పుస్తకం మూశాడు. సూటిగా ఒప్పుకోకుండా రాయడానికి తనకి అధికారం లేదన్నాడు. అతనూ చేసేదేం లేదు.

తిరుగు ప్రయాణంలో ఎండ మాడ్చేసింది. అమ్మగారు గొడుగు పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి పంతులుగారు "నా మీద కోపమా?" అని ఆవిడని అడిగారు. "ఇటు జరగండి, ఎండ మీ మీద పడతంది" అందావిడ. ఆయన జరిగారు. తర్వాత నా వైపు తిరిగి, "విన్నది విన్నట్టు చెప్పావు" అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను. మలుపు దాటాక, చాలా నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేట్టు, "ఈ ఒక్కరోజూ సరిగ్గా చెప్పకపోయినా నేనేమీ అనుకునేవాణ్ణి కాదురా" అన్నారు.

అదే నాకు ఆయన చెప్పిన చివరి పాఠం. ఆ తర్వాత మూడు వారాలే బతికారు. మళ్ళీ వెళ్దామమ్మా అని నేను రెండుసార్లు అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. మూడోసారి అడగాలనుకుంటూ కోతల కాలం బేరాల్లో పడిపోయాను. అంతలో మంగళవారం వచ్చింది.

తమ్ముడి కొడుకు మర్యాద తప్పలేదు. ఎనిమిదో రోజున వచ్చి, కోతలు అయ్యేదాకా ఉండు పెద్దమ్మా, తొందరేం లేదు అన్నాడు. తప్పు చేసినవాడొకడు దొరికితే వాణ్ణి తిట్టుకునైనా పడుకోవచ్చు. ఈ వ్యవహారంలో నాకు అలాంటివాడు ఒక్కడూ దొరకలేదు, నేను తప్ప.

పదో రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. మనవాళ్ళ పద్ధతి ప్రకారం ఆ రోజు తాళి తీసి పాలగిన్నెలో వెయ్యాలి. వసారాలో చాప వేసి అమ్మగారిని కూర్చోబెట్టారు. పక్కన ఇత్తడి గిన్నెలో పాలు పోసి పెట్టారు. మగవాళ్ళం వాకిట్లో నిలబడ్డాం. పెద్దావిడ ఒకామె మెడ దగ్గర చెయ్యి పెట్టబోయింది. అమ్మగారు ఆ చెయ్యి పట్టుకుంది. విదిలించలేదు, ఊరికే పట్టుకుంది.

"అక్కా, ఒక్క మాట. నేను ఈయన పెళ్ళాన్ని కాదని ఆఫీసోళ్ళు రాసుకున్నారు. సరే, నేలొదిలి పోతన్నాను. మీరేమో నేను ఈయన పెళ్ళాన్ననే గదా ఇది తియ్యడానికొచ్చినారు? ఎవరో ఒకరే తీసుకోండి. రెండూ తీసుకుంటే నాకేటి మిగుల్తాది?"

గొంతు పెంచలేదు. ఏడవలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. నా భార్య నన్ను చూసింది. "నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్పు బాబూ, ఏటి సెయ్యమంటావు?" అని పెద్దావిడ వాకిట్లోకి కేకేసింది. ఇలాంటి చిక్కు వస్తే మేమందరం ఎవరిని అడిగేవాళ్ళమో ఆ మనిషి పోయి పది రోజులైంది. నా దగ్గర ఏ వరసా లేదు, ముందేదో వెనకేదో.

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. అమ్మగారు చాపమీదే కూర్చుంది. నేను సాయంత్రం దాకా వాకిట్లోనే ఉండి, ఆయన గొడుగు చూరునుంచి తీసి లోపల పెట్టి, వెళ్ళబోతూ వెనక్కి చూశాను. పాలగిన్నె వసారాలో పెట్టినచోటే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. పైన మీగడ కట్టింది. మిల్లు గొట్టంలోంచి వచ్చే నల్లటి నుసి గాలికి తేలుతూ వచ్చి, ఒక్కొక్కటే దానిమీద పడుతోంది.